ఆట వాళ్ళది... రక్తపోటు మీది!

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద వుంది. ఆవిడ ఆర్నెల్లపాటు అమెరికాలో, సియాటిల్ దగ్గర, కొడుకు ఇంట్లో వుండి వచ్చారు. కొడుక్కి నలభయ్యారేళ్ళు. నెమ్మదస్తుడట, గట్టిగా మాట్లాడి ఎరగడట.

"కాని డాక్టరుగారూ! ఆదివారం టీవీలో ఆ ఫుట్‌బాల్ మొదలయిందంటే మావాడు మావాడు కాడు. 'ఎవడు వీడికి ఆట చెప్పేది? మళ్ళీ అదేనా? బంతి పట్టుకుని పరిగెత్తరా!' అని టీవీ మీదికి లేస్తాడు. మొహం జేవురిస్తుంది, మెడ నరాలు తేలతాయి. ఓడిపోతే అన్నం వద్దంటాడు. అర్ధరాత్రి లేచి చిప్సు పొట్లం విప్పుతాడు. వాడికి రెండేళ్ళుగా బీపీ వుంది. వాళ్ళ నాన్నగారు యాభై రెండో ఏట గుండెపోటుతో పోయారు. ఆటే కదరా అంటే 'నీకు తెలీదులే అమ్మా' అంటాడు. నాకు నిజంగానే తెలీదు. ఇది జబ్బా, వట్టి వెర్రా? నేనేం చెయ్యాలి?" అని ఆవిడ అడిగారు.

అమ్మా, ఈ ప్రశ్న మీ ఒక్కరిదే అనుకోకండి. కొడుకులూ అల్లుళ్ళూ అమెరికాలో వున్న ఇళ్ళు ఇవాళ మన ఊళ్ళలో వీధికి నాలుగున్నాయి. ఆ పిల్లలు అక్కడి ఊరినీ, ఆ ఊరి జట్టునూ తమవి చేసుకున్నారు. అది సహజం, మంచిదే కూడా. అయితే ఆటతోపాటు ఆ కోపాన్ని కూడా తెచ్చుకుంటున్నారు. అది జబ్బు కాదు. కాని జబ్బు వున్నవాడికి, జబ్బు వచ్చే వంశంలో పుట్టినవాడికి అది నిర్లక్ష్యం చెయ్యదగ్గది కాదు.

కోపం ఎక్కడ పుడుతోంది?

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనమెరిగిన, కాలితో తన్నే ఆట కాదు. కోలగా వుండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తవచ్చు, ముందున్నవాడికి విసరవచ్చు. ఒక్కో పక్షాన పదకొండుమంది. మైదానం నూరు గజాలు. బంతి దక్కిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళ పాలవుతుంది.

ఒక ప్రయత్నానికీ మరో ప్రయత్నానికీ మధ్య ఆట ఆగుతుంది. ఈసారి పరిగెత్తాలా, విసరాలా, ఎడమకా, కుడికా అన్నది ఆ వ్యవధిలో నిర్ణయించేవాడు ఆటగాడు కాదు. చాలా జట్లలో అఫెన్సివ్ కోఆర్డినేటర్ అనే శిక్షకుడు, కొన్నింట్లో ప్రధాన శిక్షకుడే, ఆ నిర్ణయం చేస్తాడు. దాన్ని బంతి నడిపే క్వార్టర్‌బ్యాక్ చెవిలో, వాడి హెల్మెట్‌లో అమర్చిన రేడియో ద్వారా చెబుతారు. 1994 నుంచి ఈ రేడియో పద్ధతి నడుస్తోంది.

మూడు గంటలు సాగే ఈ ఆటలో బంతి నిజంగా కదిలే సమయం సుమారు 11 నిమిషాలేనని ఒక అమెరికన్ పత్రిక 2010లో లెక్క తేల్చింది. మిగతా సమయమంతా చూసేవాడికి ఆలోచించుకునేందుకు తీరుబడే! 'ఇప్పుడు పరిగెత్తాలి' అని మీవాడు సోఫాలో కూచుని తీర్పు చెప్పేస్తాడు. అక్కడివాడు విసరమంటాడు. అది బెడిసికొడుతుంది. అప్పుడు మీవాడికి కలిగేది ఓడిపోయామన్న బాధ ఒక్కటే కాదు, 'నేను చెబుతూనే వున్నాను, విన్నాడు కాదు' అన్న ఉక్రోషం కూడా. కోడలు కూరలో ఉప్పు వేస్తుంటే పక్కన నిలబడి 'చాలు, చాలు' అంటున్న అత్తగారి అవస్థ అన్నమాట. అక్కడ కనీసం కోడలికి మాట వినబడుతుంది, ఇక్కడ అదీ లేదు!

బాధ్యతంతా తనదే అనిపించి, చెయ్యగలిగింది మాత్రం ఏమీ లేకపోవడం మనిషిని బాగా నలిపే పరిస్థితుల్లో ఒకటి. ఆ జట్ల అభిమానులు వారం వారం కోరి అందులో కూచుంటున్నారు.

ఆ ఒక్క గజం

మీవాణ్ణి 2015 ఫిబ్రవరి 1 గురించి అడిగి చూడండి. ఎన్నేళ్ళయినా నిన్న జరిగినట్టు చెబుతాడు. ఆరోజు ఆ దేశపు అతి పెద్ద ఆట, సూపర్ బౌల్, ఆరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో జరిగింది. సియాటిల్ జట్టు 24, న్యూ ఇంగ్లండ్ జట్టు 28. ఇంకా 26 సెకన్లుంది. రెండో ప్రయత్నం. గీత దాటడానికి సియాటిల్‌కి కావలసింది ఒకే ఒక గజం. ఎద్దులా దూసుకుపోయే మార్షాన్ లించ్ సిద్ధంగా వున్నాడు. వాడికి బంతి ఇస్తారని లోకమంతా అనుకుంది. విసరమని ఆజ్ఞ వచ్చింది. విసిరిన బంతిని మాల్కమ్ బట్లర్ అనే ప్రత్యర్థి ఒడిసిపట్టాడు. ఆట అయిపోయింది.

సియాటిల్ చుట్టుపక్కల ఇళ్ళలో ఆ సాయంత్రం ఎన్ని గుండెలు దడదడలాడి వుంటాయో ఊహించుకోవచ్చు. 'ఎందుకు విసిరారు?' అన్న ప్రశ్న ఆ ఊళ్ళో సామెత లాంటిదయిపోయింది. ప్రధాన శిక్షకుడు పీట్ కారోల్ ఆ తప్పు తనదేనని బహిరంగంగా మీద వేసుకున్నాడు.

మరి అది అంత తెలివితక్కువ నిర్ణయమా? కాస్త నిదానించి చూడండి. జట్టుకి ఆట ఆపమని కోరే అవకాశం ఒక్కటే మిగిలింది. విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలన పడితే గడియారం దానంతట అదే ఆగుతుంది, ఇంకో రెండు ప్రయత్నాలకు సమయం మిగులుతుంది. ఆ సీజనులో అంతవరకు ఒక్క గజం దూరం నుంచి విసిరిన ఏ బంతీ ప్రత్యర్థి చేతిలో పడలేదు. లించ్ ఆ సీజనులో అదే దూరం నుంచి అయిదుసార్లు ప్రయత్నించి గీత దాటింది ఒక్కసారే. అంటే ఆ నిర్ణయానికీ ఒక కారణం వుంది. ఫలితం చెడింది.

రెండేళ్ళ తర్వాత, 2017 ఫిబ్రవరి 5న, అట్లాంటా వాళ్ళకూ ఇలాంటిదే జరిగింది. 28–3తో ముందున్న జట్టు, పరిగెత్తి గడియారం నడిపించాల్సిన సమయంలో బంతి విసరబోయి వెనక్కి నెట్టించుకుంది. చివరికి 28–34తో ఓడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఫలితం తెలిశాక 'నాకు ముందే తెలుసు' అనిపించడం మనిషి మనసుకున్న గుణం. పరీక్ష పోయాక చదవాల్సిన పాఠం గుర్తొచ్చినట్టే. అదే బంతి వాళ్ళవాడికే అంది వుంటే ఆ శిక్షకుణ్ణి మీవాడే 'మేధావి' అని మెచ్చుకునేవాడు. ఈ సంగతి మనసుకి పట్టిన రోజున కోపం సగం తగ్గుతుంది.

గుండెకి టీవీ అని తెలియదు

మనిషి కోపగించుకున్నప్పుడు శరీరం యుద్ధానికి సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. రక్తం తేలిగ్గా గడ్డకట్టే స్థితికి వస్తుంది. పూర్వం పులి ఎదురైనప్పుడు పనికొచ్చిన ఏర్పాటు ఇది. పరిగెత్తితేనో, పోరాడితేనో ఆ వేడి ఖర్చయ్యేది. మీవాడు సోఫాలో వున్నాడు. ఎటూ ఖర్చు కాదు.

కెనడాలో 2017లో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. హాకీ అభిమానులు ఇరవైమందికి, గుండెజబ్బు లేనివాళ్ళకే, ఆట చూస్తుండగా నాడి కొలిచారు. టీవీలో చూసినవాళ్ళకు నాడి వేగం సగటున 75 శాతం హెచ్చింది. మైదానానికి వెళ్ళి చూసినవాళ్ళకు 110 శాతం. కుర్చీలోంచి లేవకుండానే గబగబా నడిచినంత పని గుండెకు పడిందన్నమాట. ఆరోగ్యంగా వున్న గుండె దీన్ని భరిస్తుంది. లోపల కొవ్వు పేరుకుని సన్నబడిన రక్తనాళం వున్న గుండెకి ఇది పరీక్షే.

2006లో జర్మనీలో ప్రపంచ కప్ జరిగింది. అది మనమెరిగిన, కాలితో ఆడే ఫుట్‌బాల్. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులకన్నా 2.66 రెట్లు నమోదయ్యాయి. మగవాళ్ళలో 3.26 రెట్లు, ఆడవాళ్ళలో 1.82 రెట్లు. ఆట మొదలయిన తర్వాత రెండు గంటల లోపల ఎక్కువ. ఆ రోజుల్లో బాధపడినవాళ్ళలో 47 శాతం మందికి అంతకుముందే గుండె రక్తనాళాల జబ్బు వున్నట్టు తెలుసు.

అమెరికాలో లాస్ ఏంజిలిస్ జట్టు 1980 సూపర్ బౌల్‌లో ఓడిన తర్వాత రెండువారాల్లో ఆ ప్రాంతంలో గుండెజబ్బు మరణాలు పెరిగినట్టు కనబడింది. 1984లో ఆ ఊరిదే మరో జట్టు గెలిచినప్పుడు మొత్తం మరణాలు తగ్గాయి.

అయితే కంగారు పడకండి. ఇటలీలో ఇలాగే పరిశీలిస్తే గుండెపోట్లు పెరిగినట్టు తేలలేదు. ఆట చూసిన ప్రతివాడికీ గుండెపోటు రాదు. ఆట జబ్బుని పుట్టించదు, లోపల వున్న జబ్బుని తట్టి లేపవచ్చు, అంతే. కాని మీ అబ్బాయికి బీపీ వుంది. తండ్రి యాభై అయిదేళ్ళ లోపలే గుండెజబ్బుతో పోయారు. పైగా మన దేశాలవాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ళకన్నా సగటున అయిదారేళ్ళు ముందే వస్తుంది. ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

అరిస్తే కోపం దిగిపోతుందా?

'అరిచేస్తే లోపలిదంతా పోతుంది డాక్టరుగారూ, అణుచుకుంటేనే ప్రమాదం' అని చాలామంది నాతో వాదిస్తారు. వినడానికి బాగానే వుంటుంది. 2002లో ప్రచురించిన ఒక అమెరికన్ పరిశోధనలో, కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ ఇసుక సంచీని గుద్దమన్నారు. గుద్దినవాళ్ళ కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చెయ్యకుండా ఊరికే కూచున్నవాళ్ళు వాళ్ళకన్నా నయమనిపించుకున్నారు. పొయ్యి ఎగదోస్తే మంట ఆరదు కదా!

అందుకే ఆట సాగుతున్నప్పుడు వేసే ఒక కేక గురించి నేనంత బెంగపడను. అసలు ప్రమాదం ఆట తర్వాత వుంది. అదే గజాన్ని మళ్ళీ మళ్ళీ చూడటం, ఆ శిక్షకుణ్ణి తీసెయ్యాలని స్నేహితులతో రాత్రి పన్నెండు దాకా వాదించడం, పక్క మీద పడుకుని మళ్ళీ అదే ఆట మనసులో ఆడటం. ఆట మూడు గంటలు. దాని రక్తపోటు మూడు రోజులు!

ఓటమి వంటింట్లోకి వస్తుంది

అర్ధరాత్రి చిప్సు సంగతి మీరు సరిగ్గానే కనిపెట్టారు. 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆదివారం ఓడితే ఆ ఊరివాళ్ళు సోమవారం తినే సంతృప్త కొవ్వు 16 శాతం పెరిగింది. గెలిస్తే 9 శాతం తగ్గింది. దెబ్బతిన్న మనసు నూనెలోనూ వెన్నలోనూ ఓదార్పు వెతుక్కుంటుంది.

ఇంకో మాట చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పాలి. గెలుస్తుందని అందరూ అనుకున్న జట్టు ఓడిపోయిన రోజున, ఇళ్ళలో మగవాళ్ళు భార్యల మీద, తోడుగా వున్న ఆడవాళ్ళ మీద చేయిచేసుకున్న కేసులు 10 శాతం పెరిగాయని 2011లో ప్రచురించిన మరో పరిశోధన చెబుతోంది. మీవాడు అలాంటివాడు కాదని నాకు తెలుసు. కాని కోపం ఎక్కడ పుట్టినా, దిగేది ఇంట్లో చేతికందినవాళ్ళ మీదే. పిల్లలు ఎదురుగా వున్నారని గుర్తుంటే చాలు. ఇది మన ఇళ్ళలో క్రికెట్ చూసే పెద్దమనుషులకు కూడా వర్తిస్తుంది.

ఆట మానెయ్యాలా?

అక్కర్లేదు. దయచేసి మాన్పించకండి. ఊరి జట్టుని తనదనుకున్నవాళ్ళకు ఒంటరితనం తక్కువగా వుంటుందని దీన్ని పరిశీలించినవాళ్ళు చెబుతున్నారు. పరాయి దేశంలో సోమవారం ఉదయం ఆఫీసులో నలుగురితో కలిసి మాట్లాడుకోవడానికి ఒక విషయం వుండటం చిన్న సంగతి కాదు. ఆటని వుంచుకుని, పోటుని తగ్గించుకోవాలి. ఇలా చెయ్యమనండి.

1. ఆదివారమని బీపీ మాత్ర మరచిపోకూడదు. ఉద్రేకం వస్తుందేమోనని సొంతంగా రెండో మాత్ర వేసుకోకూడదు. నలభై దాటి, వంశంలో గుండెజబ్బు వున్నవాళ్ళు ఒకసారి డాక్టరుకి చూపించుకుని కొలెస్టరాల్, చక్కెర పరీక్షలు చేయించుకోవాలి.

2. ఉప్పు చిప్సు, బీరు, సిగరెట్టు, కప్పు మీద కప్పు కాఫీ – ఇవన్నీ ఆటతో కలిసి గుండెమీద ఒకేసారి కూచుంటాయి. వేయించిన శనగలు, ఉప్పు లేని పల్లీలు, పళ్ళముక్కలు, పల్చటి మజ్జిగ ముందు పెట్టండి. ఆకలితో ఆటకి కూచోనివ్వకండి.

3. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నాలుగడుగులు వెయ్యాలి. ఈ ఆటలో ప్రకటనలకు లోటు లేదు!

4. కోపం వచ్చిన ప్రయత్నం తర్వాత గాలి నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున రెండు నిమిషాలు చాలు. నాడి దానంతట అదే దిగుతుంది.

5. ఓడితే టీవీ వెంటనే కట్టెయ్యాలి. మళ్ళీ చూపించే ముక్కలు చూడకూడదు. చెప్పులేసుకుని అరగంట నడిచి రావాలి. ఒంట్లో చేరిన వేడికి అదే దారి. కోపంగా వున్నప్పుడు కారు తియ్యకూడదు.

6. ఒక కాగితం తీసుకుని తన జీవితంలో తనకు ముఖ్యమైనవేమిటో నాలుగు వాక్యాలు రాసుకోవాలి. నవ్వకండి. 2013 నాటి ఆ కొవ్వు పరిశోధనలోనే, ఇలా రాసుకున్నవాళ్ళలో ఓటమి తర్వాతి తిండియావ కనబడకుండా పోయింది.

ఇది మాత్రం ఆగేది కాదు

ఛాతీలో బరువు, పిండినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమట, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేట్టుండటం – వీటిలో ఏది కనబడినా 'ఈ ఆట అయ్యాక చూద్దాం' అనకూడదు. ఆడవాళ్ళలో, చక్కెర వ్యాధి వున్నవాళ్ళలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే వుండవచ్చు. గ్యాసు అని సోడా తాగి కూచోకూడదు. అమెరికాలో అయితే 911కి, మనకైతే 108కి వెంటనే ఫోను చెయ్యాలి. కారు తానే నడుపుకుని పోకూడదు. ఫోనులో వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి. ఈ నెంబరు ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి వుండాలి.

ఇక మీ వంతు, అమ్మా!

'ఆటే కదరా' అనకండి. ఆ మాట ఎగదోసిన పొయ్యిలో కిరసనాయిలు లాంటిది. ఈసారి వెళ్ళినప్పుడు పక్కన కూచుని 'ఇది ఎందుకిట్లా చేశారు? నాకు చెప్పు' అని అడగండి. తల్లికి విడమరచి చెప్పాలంటే గొంతు తగ్గించక తప్పదు. చెబుతూ చెబుతూ ఆ శిక్షకుడి వైపు నుంచి కూడా ఆలోచించడం మొదలుపెడతాడు.

మీరు తెనాలిలో వున్నప్పుడు చెయ్యగలిగింది కూడా ఒకటుంది. చలికాలంలో సియాటిల్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయిన ఆట నాలుగ్గంటల ప్రాంతంలో ముగుస్తుంది. అప్పుడు మనకు సోమవారం తెల్లవారుజాము అయిదున్నర. మీరు లేచి కాఫీకి నీళ్ళు పడేసే వేళ. అప్పుడు ఫోను చెయ్యండి. ఎవరు గెలిచారని అడగకండి, గొంతును బట్టి మీకే తెలిసిపోతుంది. 'చెప్పులేసుకుని బయటికి రారా, నడుస్తూ మాట్లాడుకుందాం' అనండి. పిల్లల చదువులు అడగండి. మీ మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పండి. అరగంట కాగానే మాత్ర వేసుకున్నాడో లేదో అడిగి పెట్టేయండి.

వాళ్ళ నాన్నగారికి ఆ అయిదున్నర ఫోను చేసేవాళ్ళు లేకపోయారు. మీ అబ్బాయికి మీరున్నారు.